కామాక్షి గారి గాజులు

ముందే చెప్పుకుంటున్నాను, అక్షరదోషాలుంటే మన్నించండి. నాకు చదువు వచ్చి మూడేళ్ళే అయింది. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో చేతికి ఇంకా సరిగ్గా తెలీదు. ఒక పేజీ నిండడానికి రెండు పూటలు పడుతుంది, మధ్యలో లేచి అన్నం ఉడికిందో లేదో చూసి రావాలి. ప్రమీలమ్మ నాతో ఒకే చాప మీద కూచుని అ ఆలు దిద్దిన మనిషి. ఆమె చెప్పినదాన్ని, నా కళ్ళతో చూసిన కాస్తని, నాకు చేతనైనట్టు రాశాను.

ఆ మంగళవారం పొద్దున ఫోనులో పిలిచిన క్యాబు మూడోసారి కూడా రానన్నది. హరిచందన బాల్కనీలో నిలబడి తార్నాక రోడ్డు వైపు చూస్తూ, "బేగంపేట అంటే చాలు, వీళ్ళంతా ఎక్కడికి పోతారో" అన్నది. ఆమెకు పదింటికి యూనివర్సిటీలో క్లాసు చెప్పే పని ఉంది. హాల్లో సోఫా మీద ఆమె మేనత్త కామాక్షి గారు కళ్ళజోడు చేతిలో పట్టుకుని, చీర నలగకుండా నిటారుగా కూచుని ఉన్నారు. కంటి డాక్టరు పదకొండింటికి రమ్మన్నాడు. ఇవాళ తప్పితే మళ్ళీ నెల.

వంటగదిలో గిన్నెలు బోర్లిస్తున్న ప్రమీలమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"బిడ్డా, ఆర్ట్స్ కాలేజీ టేషన్ దాంక ఆటోల పోతే గాడ రైలుంటది. సీదా బేగంపేట్ల దిగుడే. టికెట్ చాయ్ కన్న సస్త. నేను తోల్కపోయి తోల్కొస్త."

"లోకల్ రైలా?" అన్నారు కామాక్షి గారు. ఆ రెండు మాటల్లోనే పక్కన ఎవరు కూచుంటారో, సీట్లు ఎవరు తుడుస్తారో, పర్సులు ఎవరు కొడతారో అన్న ప్రశ్నలన్నీ ఉన్నాయి.

"ఆడోళ్ళ పెట్టె వేరే ఉంటదమ్మా."

"వెళ్ళత్తా. ప్రమీలమ్మ పక్కనే ఉంటుందిగా" అన్నది హరిచందన.

"ఉంటుంది" అన్నారు కామాక్షి గారు.

ఆ మాటను ఎట్లా తీసుకోవాలో ప్రమీలమ్మకు తెలియలేదు. ఈ ఇంట్లో వంటకు కుదిరి నాలుగు నెలలైంది. ఇంకా తెలియనివి అట్లాంటివి చాలా ఉన్నాయి. నూనె సీసా మీద పెన్నుతో గీసిన గీత ప్రతి పొద్దున కొంచెం కిందికి దిగి ఉంటుంది. పంచదార డబ్బా మూతకు ఎర్రదారం చుట్టి ఉంటుంది, ఆ ముడి కామాక్షి గారే వేస్తారు, ఆమే విప్పుతారు. పని చెయ్యడానికి వచ్చిన మొదటిరోజు ప్రమీలమ్మ గుమ్మంలో నిలబడి ఆ గొంతు విని, చెప్పులు విడవడం కూడా మరిచిపోయింది. ఇరవై ఏళ్ళు విన్న గొంతు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మగవాళ్ళు వర్కుషాపుకు పోయాక ఎనిమిదింటికి రేడియోలో వచ్చేది.

"నమస్కారం. ఇంట్లో అందరూ తిన్నారా? అందరికీ పెట్టాక, మీరు తిన్నారా?"

పొయ్యి మీద రొట్టె తిప్పుతూ ప్రమీలమ్మ ఆ ప్రశ్నకు పైకే జవాబు చెప్పేది. "ఇంక లేదమ్మా." ఆమెను ఆ మాట అడిగిన మనిషి లోకంలో ఇంకొకరు లేరు. ఇప్పుడు అదే మనిషికి రెండు పూటలా వండి పెడుతోంది. నాలుగు నెలల్లో కామాక్షి గారు ఒక్కసారి కూడా ఆ మాట అడగలేదు. అప్పుడప్పుడు ప్రమీలమ్మకు అనుమానం వచ్చేది, ఈమె ఆమేనా అని. హాల్లో గోడ మీద వయసులో ఉన్న కామాక్షి గారు మైకు ముందు కూచున్న ఫోటో ఉంది. అందులో ముక్కు ఇదే, నుదురు ఇదే. అయినా అనుమానం పూర్తిగా పోయేది కాదు.

వెళ్ళేటప్పుడు ఏమీ కాలేదు. కామాక్షి గారు పర్సును చంకలో అదిమిపెట్టి, ఎదురుగా ఉన్న ప్రతి మనిషినీ తల నుంచి కాళ్ళ దాకా చూస్తూ కూచున్నారు. ఆస్పత్రిలో రెండు కళ్ళలోనూ మందు చుక్కలు వేశారు. తిరిగి వచ్చేటప్పుడు నల్లద్దాలు పెట్టుకుని, ప్రమీలమ్మ మోచేయి పట్టుకుని రైలెక్కారు. "నాకు అంతా పొగలాగా ఉంది. నన్ను వదలకు" అన్నారు.

ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. కామాక్షి గారిని కిటికీ దగ్గర కూచోబెట్టి, ఆమె ఎడమ పక్కన ప్రమీలమ్మ కూచుంది. ఇద్దరి మధ్యా తన బట్టసంచి పెట్టుకుంది. అందులో టిఫిను గిన్నె, గొడుగు, సాయంత్రం చదువు కోసం నోటు పుస్తకం ఉన్నాయి. గొడుగు పట్టక సంచి మూతి తెరుచుకునే ఉంది. ఎదురు సీట్లో ఒకామె ఒళ్ళో పేపరు పరుచుకుని గోంగూర ఆకు తుంచుతోంది. పక్కనామె కాలి బొటనవేలికి దారం తగిలించి మల్లెలు మాలకడుతోంది.

"కొంచెం కాళ్ళు అటు తీస్తారా అమ్మా, నాకు చూపు ఆనడం లేదు" అన్నారు కామాక్షి గారు.

పూలామె చేతులు ఆగిపోయాయి. "మీ గొంతు నేను యాడ్నో విన్న."

"విని ఉంటారు" అన్నారు కామాక్షి గారు. ఆ మాటలో చిన్న చిరునవ్వు ఉంది. నాలుగు నెలల్లో ప్రమీలమ్మ ఆ చిరునవ్వును ఇంట్లో వినలేదు.

"రేడియోల, గదే, పొద్దుగాల. మీరు తిన్నరా అని అడుగుతరు సూడు."

"ఊకోవే" అన్నది గోంగూరామె తల ఎత్తకుండానే. "గామె గీ బండ్ల ఎందుకొస్తది? గామెకు కార్లుంటయి, డ్రైవర్లుంటరు. ఎవరి గొంతు విన్నా నీకు రేడియోనే."

"అయితే ఒక్కపారి చెప్పుమందాం. తేలిపోతది."

నాలుగైదు తలలు ఇటు తిరిగాయి. నర్సు బట్టల్లో ఉన్న పిల్ల చెవుల్లోంచి తీగలు తీసేసింది. కామాక్షి గారు సీటుకు ఆనించిన వీపును ముందుకు తెచ్చి నిటారుగా కూచున్నారు. మొహం పక్కకు తిప్పి గొంతు సవరించుకున్నారు. ప్రమీలమ్మ ఆమె మొహాన్నే చూస్తోంది. ఆ మొహంలోంచి పదేళ్ళు రాలిపోతున్నట్టు అనిపించింది. చేతుల వైపు చూడలేదు. ఆ తర్వాత రెండు రోజులు దానికి తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

"నమస్కారం" అన్నారు కామాక్షి గారు. "ఇంట్లో అందరూ తిన్నారా? అందరికీ పెట్టాక, మీరు తిన్నారా?"

అప్పుడు గోంగూరామె, చేతిలో కాడ పట్టుకుని, "ఇంక లేదమ్మా" అన్నది.

ప్రమీలమ్మకు ఎక్కడో కలుక్కుమంది. ఇన్నేళ్ళూ ఆ జవాబు తనొక్కతే చెబుతున్నాననుకుంది.

సికింద్రాబాదులో జనం తోసుకుంటూ ఎక్కారు. కామాక్షి గారు చెబుతూనే ఉన్నారు, ఎండాకాలంలో కుండ నీళ్ళ గురించి, కోడళ్ళ గురించి, కూలికి పోయే తల్లుల గురించి. ఎక్కినవాళ్ళు నిలబడి, ఒకరి మీద ఒకరు వంగి విన్నారు. సీతాఫల్‌మండి దాటింది. ఆర్ట్స్ కాలేజీ స్టేషనులో దిగేటప్పుడు పూలామె రెండు మూరల మాల తెంపి, కామాక్షి గారి చేతిలో పెట్టింది.

ఇంటికి వచ్చాక కామాక్షి గారు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ ఆగిపోయారు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. కుడి మణికట్టును ఎడమ చేత్తో తడుముకున్నారు. మోచేయి దాకా తడిమారు.

"నా గాజులు" అన్నారు.

రెండు బంగారు గాజులు. రేడియోలో మొదటి జీతంతో చేయించుకున్నవి. పెళ్ళి చేసుకోలేదు, ఇంకే నగా పెట్టుకునేవారు కారు. అరిగి అరిగి ఒకచోట దారమంత సన్నమైనా ఎప్పుడూ మార్పించలేదు. పర్సులో, చీర కుచ్చిళ్ళలో, సోఫా సందుల్లో ప్రమీలమ్మ వెతికింది. మంచం కింద చీపురు పెట్టి లాగింది. కామాక్షి గారు నల్లద్దాలు పెట్టుకుని, వెతుకుతున్న చప్పుడు వింటూ కూచున్నారు.

"రైల్లో నా ఎడమ పక్కన కూచున్నది నువ్వే కదా ప్రమీలా."

"నేనే అమ్మా."

"మరి."

ఆ మాట తర్వాత ఇంకేమీ అనలేదు. ప్రమీలమ్మ చేతిలో చీపురు పట్టుకుని ఇంకేదైనా వస్తుందేమోనని నిలబడింది. రాలేదు.

మధ్యాహ్నం దాటాక హరిచందన వచ్చింది. పోలీసులకు చెబుదామా అని వంటగది వినబడేటంత దూరంలోనే అడిగింది. "శుక్రవారం దాకా చూద్దాం" అన్నారు కామాక్షి గారు. "మనిషికి ఆలోచించుకోవడానికి కొంచెం వ్యవధి ఇవ్వాలి." ఎంతో దయగా అన్నారు. ప్రమీలమ్మకు చెంపదెబ్బ తిన్నట్టయింది.

మాణికేశ్వర్ నగర్లో ప్రమీలమ్మది ఒక గది, ముందు రేకుల వసారా. ఆ సాయంత్రం చదువుకు పోలేదు. టిఫిను గిన్నె కడుగుదామని సంచి తలకిందులు చేసింది. గిన్నె, గొడుగు, నోటు పుస్తకం పడ్డాయి. వాటి వెనకాల రెండు గాజులు బండ మీద పడి, ఒకటి గుండ్రంగా దొర్లుకుంటూ పోయి గోడకు తగిలి పడిపోయింది.

తలుపు దగ్గరికి వేసింది.

కొడుకు కమలాకర్ యూనివర్సిటీ గేటు ముందు జిరాక్సు షాపులో పని చేస్తాడు. అతను తలుపు తోసుకుని వచ్చేటప్పటికి ఆమె ఇంకా బండ మీదే కూచుని ఉంది. జరిగినదంతా చెప్పింది. విన్నాక అతను గాజులను చూశాడు. తర్వాత తల్లి మొహంలోకి చూశాడు. ఆ చూపు ఒక్క క్షణమే.

"నిజం చెప్పమ్మా."

"నువ్వు గూడనారా."

అతను తల దించుకున్నాడు. "పరేషాన్ గాకు. రేపు పోయినంక సోఫా సందుల పెట్టు. ఊడుస్తుంటే దొరికినయి అను. ఖతం" అన్నాడు.

"దొరికినయి అంటే భయపడి పెట్టింది అంటరు. సచ్చేదాంక గదే పేరుంటది. తార్నాకల ఏ ఇంట్లనన్న పని దొరుకుతదారా నాకు మళ్ళ?"

"పెట్టకుంటే పోలీసులొస్తరు."

"ఎట్లొచ్చినయో తెలువాలె" అన్నది ప్రమీలమ్మ. "నా సంచిలకు కాళ్ళొచ్చి నడిచి రాలే గద."

అన్నం పెట్టుకుని ముద్ద కలుపుతూ రైల్లో ఉన్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినే అనుమానించింది. గోంగూరామె ముందుకు వంగింది. ఆమె తీసి, సికింద్రాబాదులో పోలీసును చూసి భయపడి సంచిలో వేసిందా? నర్సు పిల్ల? మాల చేతిలో పెట్టినామె ఆ చేతినే పట్టుకుంది కదా. మళ్ళీ సిగ్గేసింది. కామాక్షి గారు తనను చూసినట్టే తను వాళ్ళను చూస్తోంది. అయినా అనుమానం ఆగలేదు. చివరికి కామాక్షి గారినే అనుమానించింది. పని మాన్పించాలని తనే వేసి ఉంటే? అనుకుని, ముద్ద మింగలేక లేచింది.

బుధవారం పొద్దున గాజులను సంచిలోనే ఉంచుకుని పనికి పోయింది. ఒక్క తాళం ఉన్న గదిలో పెట్టడం ఇంకా భయం. గాజులను రుమాల్లో చుట్టనైనా చుట్టలేదు. చుడితే దాచినట్టవుతుంది. పడ్డచోటే, సంచి అడుగునే ఉండనిచ్చింది.

తలుపు తీసింది కామాక్షి గారే. ఇవాళ చూపు ఆనుతోంది. "సంచి బయట గ్రిల్లుకి తగిలించి రా" అన్నారు. "ఇక నుంచి అంతే."

ప్రమీలమ్మ సంచిని గ్రిల్లుకు తగిలించింది. ఎదురు ఫ్లాటు రఘువీర్ గారు తలుపు సందులోంచి చూసి మళ్ళీ వేసుకున్నారు. ఈయనకు కూడా తెలిసిందని ఆమెకు అర్థమైంది. మెట్లెక్కేటప్పుడు వాచ్‌మన్ పేరయ్య కూడా రోజూ అన్నట్టు "ఏమక్కా" అనలేదు. పప్పు కడుగుతూ, ఉల్లిపాయ తరుగుతూ, చెవులు గ్రిల్లు మీదే పెట్టుకుంది. ఎవరో మెట్లు దిగిన చప్పుడు వచ్చినప్పుడల్లా కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

కామాక్షి గారి చేతికి రెండు కొత్త గాజులున్నాయి, పైపూత బంగారానివి. బోసి చేతితో ఉండలేక నిన్న సాయంత్రం హరిచందనతో తెప్పించుకున్నారట. కాఫీ గ్లాసు అందుకున్నప్పుడు అవి పలచగా మోగాయి. ప్రమీలమ్మ చూపు ఆ గాజుల మీది నుంచి గోడ మీది ఫోటోకు పోయింది. ఫోటోలో రెండు చేతులూ బల్ల మీదున్నాయి. రెండు చేతులూ బోసిగా ఉన్నాయి.

"అమ్మా, గా ఫోటోల చేతులకు గాజులు లేవెందుకు?"

కామాక్షి గారు పేపరు దించలేదు. "గాజులతో మైకు ముందు కూచుంటే ఊరంతా గలగలలే వింటుంది. ఎర్రలైటు వెలగగానే, మాట మొదలుపెట్టే ముందు తీసి, ఎడమ పక్కన స్టూలు మీద బుట్ట ఉండేది, అందులో పడేసేవాళ్ళం. ముప్ఫై ఏళ్ళు. చెయ్యి దానంతటదే పోయేది." అప్పుడు పేపరు దించారు. "ఎందుకడిగావు?"

"అమ్మా, నిన్న రైల్ల మీరు మాట్లాడే ముందల…"

"రైల్లో మైకు లేదు ప్రమీలా."

"లేదమ్మా. కని, మీ చెయ్యి…"

"నేనేం చేశానో నాకు తెలీదంటావా?" గొంతు పెరగలేదు, ఇంకా తగ్గింది. "రైల్లో వాళ్ళ మీదికి తోస్తావనుకున్నాను, నా మీదికేనా. శుక్రవారం అన్నాను. శుక్రవారం దాకా ఏమీ అడగను. నువ్వూ ఏమీ చెప్పకు."

ప్రమీలమ్మ వంటగదిలోకి వచ్చి పప్పులో పోపు వేసింది. ఆవాలు మాడాయి. ఇప్పుడు సంగతి మొత్తం ఆమెకు తెలుసు. తెలిసినా చెప్పుకునే దారి లేదు. సంచి తెచ్చి చూపిస్తే దొంగ. ఊరుకుంటే శుక్రవారం దొంగ.

సాయంత్రం చదువు క్యాంపస్‌లోనే, లేడీస్ హాస్టలు వెనక ఒక పాత గదిలో జరుగుతుంది. అక్షర అనే పిల్ల, చదువుకుంటూనే మాకు చదువు చెబుతుంది. మాకు వినిపించడానికి పాఠాలను రికార్డు చేస్తుంటుంది. కామాక్షి గారితో నాలుగు మాటలు చెప్పించాలని నెల నుంచి అడుగుతోంది. ఆ రోజు ప్రమీలమ్మే ఆ పిల్ల దగ్గరికి పోయింది.

"బిడ్డా, రేపు పిలువు మా అమ్మను."

"రేపేనా పెద్దమ్మా? వస్తరా?"

"నువ్వు పిలిస్తే వస్తది. నేను పిలిచినట్టు చెప్పకు. మైకు పెడతవా?"

"ఫోన్‌లనే చేద్దామనుకున్న. క్లియర్‌గనే వస్తది."

"ఫోను వద్దు. మైకు పెట్టు. ఎర్రలైటు ఉండాలె."

అక్షర నవ్వింది. "ఏంది పెద్దమ్మా, నువ్వు డైరెక్టరైనవా?"

ప్రమీలమ్మ నవ్వలేదు. "పెడతవా, పెట్టవా, గది చెప్పు."

గురువారం నాలుగింటికి కామాక్షి గారు హరిచందనతో ఆటోలో వచ్చారు. జరీ అంచు చీర కట్టుకున్నారు. గుమ్మంలో ఆగి, చాప మీద కూచున్న పదిమంది ఆడవాళ్ళనూ, మూలనున్న ప్రమీలమ్మనూ చూశారు. "నువ్వూ ఇక్కడేనా" అన్నారు.

"రోజు వస్తనమ్మా. చదువుకుంటున్న."

"చెప్పలేదే."

"మీరు అడగలే."

అక్షర అరువు తెచ్చిన మైకును బల్ల మీద పెట్టింది. బల్లకు ఎడమ పక్కన ఒక స్టూలు ఉంది. దాని మీద ప్రమీలమ్మ బట్టసంచి, మూతి తెరుచుకుని ఉంది. దాన్ని అక్కడ పెట్టాక ఆమె మూలకు వెళ్ళి గోడకు ఆనుకుంది. ఇవాళ కామాక్షి గారికి చూపు ఆనుతోంది. సంచిని చూసి గుర్తుపడితే? చెయ్యి పోకపోతే? పోకపోతే ఆ గాజులు ఇంతమంది మధ్య తన సంచిలో ఉంటాయి. ఇంట్లో అయితే ముగ్గురే చూసేవాళ్ళు. లేచి సంచి తీసేద్దామా అని ఒక అడుగు కూడా వేసింది.

అక్షర వేలు ఎత్తింది. ఎర్రలైటు వెలిగింది.

కామాక్షి గారు కుర్చీలో వీపు నిటారుగా చేశారు. కళ్ళు మైకు మీదే ఉన్నాయి. మొహం పక్కకు తిప్పి గొంతు సవరించుకున్నారు. ఎడమ చెయ్యి కుడి మణికట్టును పట్టుకుంది, రెండు గాజులనూ ఒక్క ఊపులో వేళ్ళ మీదుగా లాగింది, ఎడమ పక్కకు చాచింది, వదిలింది. కంటికి తెలియకుండా, రెప్పపాటులో జరిగిపోయింది. నమస్కారం చెప్పడానికి పెదవులు విడిపోతుండగా, సంచి అడుగున లోహానికి లోహం తగిలి మోగింది.

పెదవులు అట్లాగే ఆగిపోయాయి.

చాచిన చెయ్యి గాలిలోనే ఉంది. కామాక్షి గారు తల తిప్పి ఆ చేతిని చూశారు, ఎవరిదో అన్నట్టు. తర్వాత దాన్ని మెల్లగా సంచిలోకి దించారు. బయటికి తీసినప్పుడు చేతిలో నాలుగు గాజులున్నాయి. బొటనవేలితో ఒక్కొక్కదాన్నీ తడిమారు. రెండింటిని చూడకుండానే బల్ల మీద పక్కకు పెట్టారు. మిగిలిన రెండింటినీ, అరిగిన చోట వేలు ఆనించి, పట్టుకుని ఉండిపోయారు.

"అంటే అత్తా, రైల్లో కూడా…" అన్నది హరిచందన.

చాప మీదున్న మాకెవరికీ అప్పటికి సంగతి తెలీదు. అయినా ఎవరం కదలలేదు. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.

కామాక్షి గారు ప్రమీలమ్మ వైపు తిరగలేదు. మైకు వైపు తిరిగారు. ఊపిరి తీసుకున్నారు.

"నమస్కారం" అన్నారు. "ఇవాళ ఒక పొరపాటు గురించి చెప్పుకుందాం. మనందరి ఇళ్ళలోనూ జరిగేదే. మన కోసం కష్టపడే ఒక చెయ్యిని, మన చెయ్యి చేసిన పనికి…"

ఎంత బాగా చెబుతున్నారో. గొంతు ఎక్కడ వణకాలో అక్కడ వణికింది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. నా పక్కనామె కళ్ళు తుడుచుకుంది. ప్రమీలమ్మ కూడా విన్నది. ఇరవై ఏళ్ళ అలవాటు కదా, ఆ గొంతుకు జవాబు చెప్పడానికి ఆమె నాలుక కదిలింది. ఇంకొంచెంసేపు వింటే ఆ మంగళవారం, ఆ "మరి", గ్రిల్లుకు వేలాడిన సంచి, కొడుకు చూసిన చూపు అన్నీ కలిసి ఎనిమిదింటికి చెప్పుకునే ఒక మంచి ముచ్చటగా అయిపోతాయని ఆమెకు తెలిసింది.

"అక్షరా" అన్నది. "గా మైకు బందు చెయ్యి బిడ్డా."

అక్షర కామాక్షి గారి వైపు చూసింది, ప్రమీలమ్మ వైపు చూసింది. బటన్ నొక్కింది. లైటు ఆరిపోయింది.

"ఇప్పుడు చెప్పుండ్రి అమ్మా" అన్నది ప్రమీలమ్మ.

కామాక్షి గారు నోరు తెరిస్తే వచ్చింది ఇంట్లో గొంతే, నూనె సీసా గురించి అడిగే పలచటి గొంతు. ఆ గొంతుకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

"నిన్ను దొంగవనుకున్నాను."

"అవునమ్మా."

"తప్పు నాది. నువ్వు చెప్పబోతే వినలేదు."

ప్రమీలమ్మ గోడ వదిలి బల్ల దగ్గరికి వచ్చింది. "ఇంక ఎవ్వరెవ్వరికి చెప్పిండ్రు?"

"దేన్ని?"

"నేను దొంగనని."

కామాక్షి గారు హరిచందన వైపు చూశారు. ఆ పిల్ల నేల చూసింది. "వాచ్‌మన్‌కి చెప్పాను, చూస్తూ ఉండమని" అన్నారు. "ఎదురింటి రఘువీర్ గారికి. కింద కౌముది గారింట్లో… వాళ్ళు నిన్ను వంటకు అడుగుతామన్నారు, అందుకని చెప్పాను."

కౌముది గారింట్లో పని అడుగుదామని ప్రమీలమ్మ ఆ పొద్దునే అనుకుంది. ఆ సంగతి బయటికి అనలేదు. సంచి తీసుకుని, అడుగున ఇంకేమైనా ఉందేమోనని చెయ్యి పెట్టి చూసింది. ఏమీ లేదు. భుజానికి తగిలించుకుంది.

"వాళ్ళందరికీ చెప్తాను" అన్నారు కామాక్షి గారు.

"ఎప్పుడు?"

"చెప్తానన్నానుగా ప్రమీలా."

"నా ముందల చెప్పుండ్రి."

హరిచందన ఆటో పిలిచింది. ముగ్గురూ వెనక సీట్లోనే కూచున్నారు. గేటు దగ్గర పేరయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కామాక్షి గారు అతనికి చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో మాట దొరక్క, మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. అతను "అట్లనా మేడమ్" అని, ప్రమీలమ్మ వైపు తిరిగి, "అక్కా, నేనైతే నమ్మలే" అన్నాడు.

"నమ్మినవు" అన్నది ప్రమీలమ్మ. "నిన్న పలకరించలే నువ్వు."

మెట్లెక్కడానికి కామాక్షి గారికి చాలాసేపు పట్టింది. ప్రమీలమ్మ రోజూలాగా చెయ్యి అందించలేదు, ముందుకూ పోలేదు, ఒక మెట్టు కింద నడిచింది. రఘువీర్ గారు లుంగీతోనే తలుపు తీశారు. వాకిట్లో నిలబడ్డ ముగ్గురినీ చూసి, ఏదో రభస జరగబోతోందనుకుని తలుపును సగం దగ్గరికి వేసుకున్నారు.

"గాజులు దొరికాయండీ" అన్నారు కామాక్షి గారు. "నేనే తీసి ఈవిడ సంచిలో వేశాను. నాకే గుర్తు లేదు. ఈవిడ తియ్యలేదు. మీకు తీసిందని చెప్పాను. అది తప్పు."

"అయ్యో, దానికేముందండీ. పనివాళ్ళ విషయంలో ఇట్లాంటివి మామూలే. దొరికాయిగా, అంతే చాలు" అన్నారాయన. తర్వాత ప్రమీలమ్మ అక్కడే ఉన్నదని గుర్తొచ్చి, తలుపు పూర్తిగా తీశారు. "రండి రండి, కూచుని మంచినీళ్ళు తాగి వెళ్ళండి. నువ్వు కూడా రామ్మా."

కామాక్షి గారు ఎంతో అలిసిపోయి ఉన్నారు. గడప లోపలికి కాలు పెట్టబోయారు.

"వద్దు సారూ" అన్నది ప్రమీలమ్మ. "కింద ఇంకొక ఇల్లున్నది."

కొమ్మిడి శంకరమ్మ,
వయసు అరవై నాలుగు,
ఇప్పుడు గోల్నాకలో చిన్నకూతురి దగ్గర ఉంటున్నాను.